‘మీడియం’ అంటే ఎంత? ఫ్లేవర్ మ్యాపింగ్‌తో ఐదేళ్ల కాపురం

మా టీమ్‌లో కొత్తగా చేరిన ప్రతి ఒక్కరూ మొదటి వారంలోనే నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, మీడియం అంటే ఎంత?" ఐదేళ్లుగా నేను చెప్పే జవాబు కూడా ఒకటే. "ఎక్కడ?"

వీఎంవేర్ ఆరియా ఆటోమేషన్ అంటే, అడిగినవాళ్లకు వర్చువల్ మెషిన్లను (పెద్ద సర్వర్‌లో కొంత భాగం తీసుకుని విడి కంప్యూటర్‌లా నడిచేవి) తనంతట తానే తయారుచేసి ఇచ్చే సాఫ్ట్‌వేర్. అందులో ఆ మెషిన్ల సైజులకు పేర్లు పెట్టే చోటును ఫ్లేవర్ మ్యాపింగ్ అంటారు. ఈ రివ్యూ ఆ ఒక్క ఫీచర్ గురించే. మొత్తం సాఫ్ట్‌వేర్ గురించి రాసే ఓపిక నాకు లేదు, చదివే ఓపిక మీకూ ఉండదు. పైగా దీనికి పేర్లు మారినన్నిసార్లు మా మేనేజర్లు కూడా మారలేదు. మేము మొదలుపెట్టినప్పుడు వీరియలైజ్ ఆటోమేషన్ 8. 2022లో ఆరియా అయింది. 2023 నవంబరులో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొనేసింది, ఇప్పుడు కొత్త వెర్షన్‌లో వీసీఎఫ్ ఆటోమేషన్ అంటున్నారు. మా ఆఫీసులో మాత్రం అందరికీ అది ఇంకా ‘వీఆర్ఏ’నే, వీరియలైజ్ ఆటోమేషన్‌కు పొట్టి పేరు. నేనూ ఇకపై అలాగే రాస్తాను.

ఇది రాకముందు మా బతుకు ఎలా ఉండేదో రెండు ముక్కల్లో చెప్పాలి, లేకపోతే నేను దీన్ని ఎందుకు మెచ్చుకుంటున్నానో అర్థం కాదు. మెషిన్ కావాలంటే టికెట్ వచ్చేది. అందులో సైజు అన్న చోట జనం తోచింది రాసేవాళ్లు. "8 జీబీ చాలు, వీలైతే 16 ఇవ్వండి." "పాత సర్వర్ లాంటిదే." ఒకాయనైతే "స్పీడుగా ఉండాలి" అని రాసి ఊరుకున్నాడు. మేము ఏదో ఒకటి ఇచ్చేవాళ్లం. చివరికి క్లస్టర్‌లో (మా సర్వర్ల గుంపులో) 3 సీపీయూలు 7 జీబీ, 5 సీపీయూలు 12 జీబీ లాంటి విచిత్రమైన మెషిన్లు పోగుపడ్డాయి. ఏది ఎందుకలా ఉందో ఇచ్చినవాడికీ గుర్తులేదు, తీసుకున్నవాడికీ గుర్తులేదు.

ఫ్లేవర్ మ్యాపింగ్ చేసే పని వింటే చాలా చిన్నది. ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ట్యాబ్‌లో, కాన్ఫిగర్ కింద ఈ పేజీ ఉంటుంది. పైన ఒక పేరు ఇస్తారు. మీడియం అనుకుందాం. దాని కింద వరసగా మీ క్లౌడ్ అకౌంట్లు, రీజియన్లు, అంటే మెషిన్లు వెళ్లగల చోట్లు. ప్రతి వరసలో ఆ చోట మీడియం అంటే ఏమిటో నింపాలి. వీస్ఫియర్ (మన సొంత సర్వర్ల మీద నడిచే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్) అయితే సీపీయూలెన్ని, మెమరీ ఎంత అని అంకెలు ఇస్తారు. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ అయితే వాళ్ల ఇన్‌స్టన్స్ టైప్ (మెషిన్ సైజుకు వాళ్లు పెట్టిన పేరు) ఎంచుకుంటారు, టీ3.మీడియం అనో ఎం5.లార్జ్ అనో. మైక్రోసాఫ్ట్ అజూర్ అయితే స్టాండర్డ్_బీ2ఎస్ లాంటిది. టెంప్లేట్ (ఏ మెషిన్ ఎలా కావాలో యామల్ అనే ఫార్మాట్‌లో చెప్పే ఫైలు) రాసేవాడికి ఈ గోలంతా అక్కర్లేదు. యామల్‌లో ఫ్లేవర్ అన్న చోట మీడియం అని ఒక్క మాట రాస్తే సరి. మెషిన్ ఏ క్లౌడ్‌లోకి వెళ్తే అక్కడి మీడియం దానికి వస్తుంది.

దీని విలువ నాకు తెలిసొచ్చింది వాడుతున్న రెండో ఏడాదిలో. అప్పటికి మా దగ్గర నలభైకి పైగా టెంప్లేట్లు ఉన్నాయి, రకరకాల టీమ్‌లవి. ఏడబ్ల్యూఎస్ వైపు ఇన్‌స్టన్స్ రకం మార్చాల్సి వచ్చింది. ఒక్క పేజీ తెరిచి, ఒక్క వరస మార్చి, సేవ్ నొక్కాను. నలభైలో ఒక్క టెంప్లేట్‌ను కూడా ముట్టుకోలేదు. ఎవరికీ మెయిల్ పెట్టలేదు, ఏ మీటింగూ జరగలేదు. ఇన్‌ఫ్రా పనిలో ఇలాంటి రోజులు అరుదు.

అయితే ఆ మార్పు ఎందుకు చేయాల్సి వచ్చిందన్నదే ఈ రివ్యూకు అసలు కారణం. తప్పు మాదే, ముందే ఒప్పేసుకుంటున్నాను.

మేము మొదట మీడియం నిర్వచించినప్పుడు లెక్క చాలా సులువనుకున్నాం. వీస్ఫియర్‌లో 2 సీపీయూలు, 4 జీబీ. ఏడబ్ల్యూఎస్‌లో టీ2.మీడియం చూశాం, అదీ 2 సీపీయూలు, 4 జీబీ. అంకెలు కలిశాయి, పైగా పేరులోనే మీడియం అని ఉంది. ఇంకేం కావాలి? కొన్నాళ్లకు ఒక టీమ్ తమ బిల్డ్ సర్వర్లను (రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చేవి) వీస్ఫియర్ నుంచి ఏడబ్ల్యూఎస్‌కు మార్చుకుంది. టెంప్లేట్ అదే, ఫ్లేవర్ అదే, మెషిన్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే జోన్ ట్యాగ్ ఒక్కటే మారింది.

రెండు వారాల తర్వాత ఆ టీమ్ లీడ్ మేడమ్ నా సీటు దగ్గరికే వచ్చారు. "మీ మెషిన్లకు పొద్దున్నే నిద్రొస్తుందాండీ?" అన్నారు. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఫోన్‌లో బిల్డ్ టైమింగ్స్ చూపించారు. రోజూ ఉదయం మొదటి మూడు బిల్డులు పన్నెండేసి నిమిషాల్లో అయిపోతున్నాయి. నాలుగోది దాదాపు గంట. అక్కడి నుంచి సాయంత్రం దాకా అన్నీ గంటే. మర్నాడు ఉదయం మళ్లీ మూడు చక్కగా, నాలుగోది గంట.

నేను డిస్కు చూశాను, నెట్‌వర్క్ చూశాను, వాళ్ల బిల్డ్ టూల్ మీద కాసేపు అనుమానపడ్డాను. చివరికి ఏడబ్ల్యూఎస్ వాళ్ల పర్యవేక్షణ టూల్ క్లౌడ్‌వాచ్‌లో సీపీయూ క్రెడిట్ బ్యాలెన్స్ గ్రాఫ్ తెరిస్తే కథ మొత్తం అక్కడే ఉంది. టీ2 రకం మెషిన్లు నిరంతరం ఫుల్ స్పీడుతో నడవడానికి చేసినవి కావు. అవి క్రెడిట్లు కూడబెట్టుకుంటాయి, అవసరమైనప్పుడు ఖర్చుపెడతాయి. ఒక సీపీయూ ఒక నిమిషం పూర్తిగా నడిస్తే ఒక క్రెడిట్ ఖర్చు. టీ2.మీడియంకు గంటకు వచ్చేది 24 క్రెడిట్లు. రెండు సీపీయూలూ పూర్తిగా నడిస్తే గంటకు పోయేది 120. మెషిన్ లేవగానే చేతిఖర్చుకన్నట్టు 60 క్రెడిట్లు ఇస్తారు. 60లో నుంచి గంటకు 96 చొప్పున తరుగుతూ పోతే ఎంతసేపు వస్తుంది? ముప్పై ఏడున్నర నిమిషాలు. మూడు పన్నెండ్లు ముప్పై ఆరు. నాలుగో బిల్డ్ మొదలవుతుండగానే జేబు ఖాళీ. ఆ తర్వాత ఒక్కో సీపీయూ 20 శాతం దగ్గర ఆగిపోతుంది, పన్నెండు నిమిషాల పని గంటవుతుంది.

మరి రాత్రంతా బిల్డులు లేవు కదా, క్రెడిట్లు మళ్లీ నిండాలి కదా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. దానికి కారణం ఇంకా అందంగా ఉంది. ఖర్చు తగ్గించాలని మేమే రాత్రిపూట టెస్ట్, బిల్డ్ మెషిన్లన్నీ ఆపేసే షెడ్యూల్ పెట్టాం. టీ2 మెషిన్‌ను ఆపితే అప్పటిదాకా ఉన్న క్రెడిట్లు పోతాయి, మళ్లీ లేచేటప్పుడు ఆ మొదటి 60తోనే లేస్తుంది. అంటే రోజూ సాయంత్రం మేమే దాని జేబు ఖాళీ చేసి పడుకోబెడుతున్నాం. ఇందులో ఏడబ్ల్యూఎస్ దాచిందేమీ లేదు, అంతా వాళ్ల డాక్యుమెంటేషన్‌లో ఉంది. వీఆర్ఏ తప్పూ లేదు, చెప్పిన మెషిన్ ఇచ్చింది. మేమే పేరు చూసి మోసపోయాం.

మేడమ్‌కు ఇదంతా బోర్డు మీద లెక్కేసి చూపిస్తే మొత్తం విని, "అంటే రెండు మీడియంలు ఒకటి కావన్నమాట" అన్నారు. "కావండీ" అన్నాను. "మరి ఒకే పేరెందుకు పెట్టారు?" నా దగ్గర జవాబు లేదు.

ఆ వారమే ఏడబ్ల్యూఎస్ వరసలో మీడియంను సీ5.లార్జ్‌కు మార్చాను. అదీ 2 సీపీయూలు, 4 జీబీయే, కానీ క్రెడిట్ల లెక్క లేదు. ఇందాక గొప్పగా చెప్పిన ఆ ఒక్క వరస మార్పు ఇదే. ఇక్కడ కొత్తవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. మ్యాపింగ్ మారిస్తే కొత్తగా పుట్టే మెషిన్లకే వర్తిస్తుంది. ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. వాటిని మార్చాలంటే ఒక్కొక్కదాని మీద రీసైజ్ యాక్షన్ నడపాలి, లేదా తీసేసి కొత్తవి తెచ్చుకోవాలి. మావి బిల్డ్ సర్వర్లే కాబట్టి తీసేసి కొత్తవి తెచ్చాం, ఎవరూ ఏడవలేదు. డేటాబేస్ మెషిన్లయితే కథ వేరే.

ఈ అనుభవం తర్వాత మీడియం అన్న మాట ఎక్కడ కనబడినా దాని వెనకున్న అంకెలు చూడటం అలవాటైంది. చూస్తే నవ్వొస్తుంది. ఏడబ్ల్యూఎస్‌లోనే టీ3.మీడియం అంటే 2 సీపీయూలు 4 జీబీ, ఎం6జీ.మీడియం అంటే 1 సీపీయూ 4 జీబీ. గూగుల్‌లో ఈ2-మీడియం 2 సీపీయూలు చూపిస్తుంది, కానీ అది షేర్డ్ కోర్, అంటే పూర్తిగా మనదే కాదు. వీస్ఫియర్‌లో సిద్ధంగా ఉండే సైజులైన వీఎం క్లాసుల్లో మీడియం అంటే 2 సీపీయూలు 8 జీబీ.

రెండో దెబ్బ దీనికి సరిగ్గా రివర్స్, పేరు వాడనందుకు తగిలింది. వీఆర్ఏలో క్లౌడ్ ఏదైనా పనిచేసే సాధారణ మెషిన్ రకం ఒకటి, వీస్ఫియర్‌కు మాత్రమే పనికొచ్చే రకం ఇంకొకటి ఉంటాయి. రెండోదానిలో ఫ్లేవర్ బదులు నేరుగా సీపీయూ కౌంట్, టోటల్ మెమరీ ఎంబీ అని రాసుకోవచ్చు. ఒక టీమ్ "మాకు ఈ స్మాల్, లార్జ్ వద్దు, అంకెలే మేము ఇచ్చుకుంటాం" అని పట్టుబట్టింది. సరే అని ఫారంలో రెండు అంకెల బాక్సులు పెట్టి, మెమరీ బాక్సుకు జీబీ అని లేబుల్ ఇచ్చి, టెంప్లేట్‌లో ఆ ఇన్‌పుట్‌ను అలాగే కలిపేశాను. ఒకతను 16 కొట్టాడు. అక్షరాలా 16 ఎంబీ మెమరీతో మెషిన్ పుట్టింది. పాపం లేవలేదు. "అన్నా, కన్సోల్‌లో ఏమీ రావట్లేదు" అని అతను చాట్‌లో అడుగుతుంటే నేను వీస్ఫియర్ క్లయింట్‌లో ఆ అంకె చూసి కుర్చీలో వెనక్కి వాలిపోయాను. ఆ పేరు చివర ఎంబీ అని అంత స్పష్టంగా ఉంటే నేనే చూసుకోలేదు. ఇన్‌పుట్‌ను 1024తో గుణించే ఎక్స్‌ప్రెషన్ ఒకటి పెడితే సరిపోయింది. పనిలో పనిగా ఇన్‌పుట్‌కు కనీసం ఇంత, గరిష్ఠం ఇంత అని హద్దులు కూడా పెట్టాను. ముందే చేయాల్సిన పని.

మూడోది చడీచప్పుడు లేని తప్పు, అందుకే ఎక్కువ రోజులు నడిచింది. మాకు కొత్త డేటాసెంటర్ ఒకటి వచ్చింది. దాన్ని క్లౌడ్ అకౌంట్‌గా చేర్చాం, జోన్ కట్టాం, ప్రాజెక్టులకు ఇచ్చాం, ఫ్లేవర్లు నింపాం. ఎక్స్‌లార్జ్ ఒక్కటి మర్చిపోయాం. ఎర్రర్ ఏమీ రాలేదు. మెషిన్‌ను ఎక్కడ పెట్టాలో తేల్చేటప్పుడు, ఆ ఫ్లేవర్ లేని జోన్‌ను పక్కన పెట్టేసి, ఉన్న జోన్‌కు పంపడమే దాని పద్ధతి. చూస్తే సబబే. కానీ పెద్ద మెషిన్లన్నీ కిక్కిరిసిన పాత క్లస్టర్‌లోకే వెళ్తున్నాయి, కొత్తది ఖాళీగా ఉంది. రిక్వెస్ట్ వివరాల్లో ప్రొవిజనింగ్ డయాగ్రం అని ఒకటుంటుంది. ఏ జోన్‌ను ఎందుకు తీసేశారో బొమ్మలో చూపిస్తుంది. అది తెరిచి చూడాలన్న ఆలోచన మాకు మూడు వారాల తర్వాత వచ్చింది. వీఆర్ఏలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన స్క్రీన్ ఏదంటే అదే చెప్తాను. మీరు వాడుతుంటే, రిక్వెస్ట్ ఫెయిలైనప్పుడే కాదు, పాసైనప్పుడు కూడా అప్పుడప్పుడు తెరిచి చూడండి.

ఇక ఇందులో లేనివాటి గురించి. ఫ్లేవర్‌లో డిస్కు ఉండదు. ఓపెన్‌స్టాక్ (ఇంకో క్లౌడ్ సాఫ్ట్‌వేర్) నుంచి వచ్చినవాళ్లు మొదట ఇక్కడే తడబడతారు, ఎందుకంటే అక్కడ ఫ్లేవర్ అంటే సీపీయూ, మెమరీతో పాటు రూట్ డిస్కు కూడా. ఇక్కడ డిస్కు సంగతి స్టోరేజ్ ప్రొఫైల్, టెంప్లేట్ చూసుకుంటాయి. మొదట్లో విసుక్కున్నాను, ఇప్పుడు ఇదే మేలనిపిస్తోంది. మా దగ్గర ఒకే సైజు మెషిన్‌కు 40 జీబీ డిస్కు అడిగేవాళ్లూ ఉన్నారు, 2 టీబీ అడిగేవాళ్లూ ఉన్నారు. వీస్ఫియర్‌లో సాకెట్‌కు (ప్రాసెసర్ చిప్ కూర్చునే చోటుకు) ఎన్ని కోర్లు అన్నదీ ఫ్లేవర్‌లో రాదు. సాకెట్లను లెక్కపెట్టి లైసెన్సు అడిగే సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లు ఇది ముందే చూసుకోవాలి.

ఇంకొకటి, ఫ్లేవర్లు మొత్తం ఆర్గనైజేషన్‌కు ఉమ్మడి. ఈ ప్రాజెక్టుకు ఈ సైజులే అని ఆ పేజీలో చెప్పలేం. టెంప్లేట్ ఇన్‌పుట్‌లో ఏ పేర్లు కనిపించాలో మనమే జాబితా ఇచ్చి కట్టడి చేయాలి. ప్రాజెక్టులో ఒక్కో జోన్‌కు మొత్తం సీపీయూ, మెమరీ ఎంత వాడొచ్చో పరిమితి పెట్టుకోవచ్చు. అయితే అక్కడ సున్నా అంటే ‘అస్సలు వద్దు’ అని కాదు, ‘ఎంతైనా వాడుకో’ అని అర్థం. ఇది నేను ఒక సీనియర్‌తో పందెం కాసి ఓడిపోయి తెలుసుకున్నాను.

మెషిన్లను కోడ్‌గా రాసి తెచ్చుకునే టెర్రాఫామ్ చాలదా అని అడిగేవాళ్లు ఉంటారు. ఒకటే క్లౌడ్, రాసేవాళ్లందరూ కోడ్ తెలిసినవాళ్లు అయితే చాలు. స్మాల్, మీడియం అని ఒక మ్యాప్ రాసుకుంటే ఇదే పని అయిపోతుంది. మాకు ఫారం నింపి మెషిన్ తీసుకునేవాళ్లు ఎక్కువ, వాళ్లకు మ్యాప్ చూపిస్తే పారిపోతారు. నిజానికి మేము రెండూ కలిపి వాడుతున్నాం. ఫ్లేవర్లను కూడా టెర్రాఫామ్ ప్రొవైడర్‌తోనే రాసి గిట్‌లో పెట్టాం. స్క్రీన్ మీద ముందు ఫ్లేవర్ పేరు, దాని కింద రీజియన్లు కనిపిస్తాయి. ప్రోగ్రాంలు వీఆర్ఏతో మాట్లాడే ఏపీఐలో తిరగేసి ఉంటుంది. రీజియన్‌కు ఒక ప్రొఫైల్, అందులో ఫ్లేవర్లన్నీ. మొదటి రోజు తల తిరుగుతుంది. కానీ కొత్త రీజియన్ చేరినప్పుడు ఎక్స్‌లార్జ్ మర్చిపోయిన సంగతి ఈ రెండో రకం అమరికలోనే వెంటనే కంటపడుతుంది.

ఇక పేర్ల సంగతి. మేడమ్ అడిగిన ప్రశ్న నన్ను చాన్నాళ్లు వదల్లేదు. వీస్ఫియర్ వీఎం క్లాసుల్లో పేర్లు గ్యారంటీడ్-స్మాల్, బెస్ట్ ఎఫర్ట్-స్మాల్ అని ఉంటాయి. రెండూ 2 సీపీయూలు 4 జీబీయే, కానీ మొదటిదానికి ఆ వనరులు రిజర్వ్ చేసి ఉంచుతారు, రెండోదానికి ఉంచరు. పేరు వినగానే ఆ సంగతి తెలుస్తుంది. మాకు కావాల్సింది సరిగ్గా ఇదేననిపించింది. గత ఏడాది స్మాల్, మీడియం, లార్జ్ పేర్లకు స్వస్తి చెప్పాం. ఇప్పుడు మా ఫ్లేవర్ల పేర్లలో సీపీయూలెన్నో, మెమరీ ఎంతో, అది నిలకడగా నడిచేదో, అప్పుడప్పుడు పరిగెత్తేదో అన్నీ ఉంటాయి. ‘2సీ-4జీ-నిలకడ’, ‘2సీ-4జీ-అప్పుడప్పుడు’ అని మేము నోటితో అనుకుంటాం. స్క్రీన్ మీద పొట్టి కోడ్ ఉంటుంది. చూడ్డానికి ముచ్చటగా ఉండవు, నిజమే. కానీ నేను ఊహించని మార్పు ఒకటి కనబడింది. లార్జ్ అని రాసినప్పుడు అందరికీ లార్జే కావాలి. 8 సీపీయూలు, 32 జీబీ అని రాస్తే మనిషి ఒక్క క్షణం ఆగి, "మనకంత అక్కర్లేదేమో" అనుకుంటాడు. అవసరానికి మించిన సీపీయూలున్న మెషిన్లు ఒకే హోస్ట్ (అసలు సర్వర్) మీద ఎక్కువైతే, అవి ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ అన్నీ నెమ్మదిస్తాయి. ఆ గొడవ ఇప్పుడు తగ్గింది.

స్టార్లు ఇవ్వమంటే ఐదుకు నాలుగు ఇస్తాను. ఒకటికి మించి క్లౌడ్లు, ఒకటికి మించి టీమ్‌లు ఉన్నవాళ్లకు ఇది లేకుండా పని నడవదు. ఒక్క వీస్ఫియర్, పది మెషిన్లు ఉన్నవాళ్లు దీని జోలికి రానక్కర్లేదు. తగ్గించిన ఆ ఒక్క స్టార్ డిస్కుకో, సాకెట్లకో కాదు. కొత్త ఫ్లేవర్ పేజీ తెరవగానే పేరు అడిగే ఆ ఖాళీ బాక్సుకు. అందులో ఏం రాయాలో ఆలోచించుకోమని అది ఒక్క మాటైనా చెప్పదు. మనం హాయిగా మీడియం అని కొట్టేస్తాం.

పాత మీడియం మ్యాపింగ్‌ను మాత్రం ఇంకా తీసేయలేదు. ఫారంలో కనిపించే జాబితాలోంచి తప్పించాం కానీ, పాత టెంప్లేట్లు దాన్ని పేరుపెట్టి పిలుస్తున్నాయి, తీసేస్తే వాటి కొత్త రిక్వెస్టులు ఆగిపోతాయి. పోయిన నెల లెక్క చూస్తే ఇంకా మూడే మిగిలాయి. రెండు టీమ్‌లకు చెప్పాను, మార్చుకుంటామన్నారు. మూడోది నేను రాసిందే.